ఇచ్చిన డ్రాయింగులు, ఇవ్వని డ్రాయింగులు

శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ ఎగిరిన ప్రతిసారీ పేపర్లలో ఒక కథ తప్పకుండా వస్తుంది. మనకి క్రయోజెనిక్ ఇంజను ఇస్తానని రష్యావాడు ఒప్పుకున్నాడు, అమెరికావాడు కళ్ళెర్రజేశాడు, రష్యావాడు జడిసి వెనక్కి తగ్గాడు, మనోళ్ళు పంతం పట్టి సొంతంగా చేసి చూపించారు. మా నెల్లూరు తీరం వైపు ఈ కథ తెలియని ఇంజనీరింగ్ కుర్రాడు ఉండడు. రాకెట్టు లేస్తుంటే మిద్దెలెక్కి చూసే ఊళ్ళు కదా మావి. (శ్రీహరికోట 2022లో తిరుపతి జిల్లాలోకి పోయిందనుకోండి, అయినా మాకు అది మా షారే :) )

ఈ కథ అబద్ధమని నేననను. తేదీలతో సహా నిజమే. నా గొడవంతా దీన్నుంచి మనం తీసుకునే నీతి గురించి. "ఎవడూ ఇవ్వకపోతేనే మనకి పట్టుదల వస్తుంది" అంటారు కొందరు. "ఆరోజు డ్రాయింగులు ఇచ్చి ఉంటే ఇరవై ఏళ్ళు ముందుండేవాళ్ళం" అంటారు ఇంకొందరు. రెండూ సరైనవి కావని నా అభిప్రాయం. ఎందుకంటే, రష్యావాళ్ళు డ్రాయింగులు ఇచ్చిన చోటు కూడా మనకి ఒకటుంది. విశాఖపట్నంలో రైలెక్కి అరకు దాటితే వచ్చే కోరాపుట్. శ్రీహరికోటనీ, కోరాపుట్‌నీ పక్కపక్కన పెట్టి ఎవరూ చూడరు. ఒకసారి చూద్దామనే ఈ టపా.

ముందు ఒక మనిషి గురించి చెప్పాలి. పేరు అర్ఖిప్ ల్యూల్కా. 1908లో ఉక్రెయిన్‌లోని ఒక పల్లెటూళ్ళో పుట్టాడు. ఖార్కోవ్ ఏవియేషన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉండగా, విమానానికి పంకా లేకుండా జెట్ ఇంజను పెట్టొచ్చని లెక్కలు వేశాడు. అప్పటికి ఆ మాట నమ్మినవాళ్ళు తక్కువ. 1941లో బైపాస్ జెట్ ఇంజను ఆలోచనకి ధృవపత్రం కూడా తీసుకున్నాడు. అంటే ఇంజనులోకి వచ్చే గాలిలో కొంత మంటలోకి వెళ్తుంది, మిగతాది చుట్టూ తిరిగి వెనకనుంచి పోతుంది. ఇవ్వాళ మనం ఎక్కే ప్రయాణికుల విమానాలన్నీ దాదాపు ఈ సూత్రం మీదే ఎగురుతున్నాయి. ఇంతలో జర్మనీ దాడి చేసింది. లెనిన్‌గ్రాడ్‌లో పని ఆగిపోయింది. డ్రాయింగులు ఫ్యాక్టరీ ఆవరణలోనే పాతిపెట్టి వెళ్ళి, తర్వాత మళ్ళీ వెళ్ళి తెచ్చుకున్నారని చెప్తారు.

యుద్ధం అయ్యాక సోవియట్ వాళ్ళ చేతికి జర్మన్ జెట్ ఇంజన్లు దొరికాయి. పైగా 1946లో బ్రిటన్ తన రోల్స్‌రాయిస్ నీన్, డెర్వెంట్ ఇంజన్లని వాళ్ళకి అమ్మింది. సోవియట్ ఇంజనీర్లు నీన్‌ని స్క్రూతో సహా విప్పి, కొలిచి, ఆర్‌డీ-45 అని తయారుచేసుకున్నారు. దాన్నే మెరుగుపరిచి వీకే-1 చేశారు. మిగ్-15 విమానం ఎగిరింది వీటి మీదే. కొరియా యుద్ధంలో పాశ్చాత్యుల విమానాలని ముప్పుతిప్పలు పెట్టిన మిగ్-15 గుండె బ్రిటిష్‌వాళ్ళదే అన్నమాట.

ఇక్కడ మనం ఆగి గమనించాల్సింది ఒకటుంది. అంత మంచి ఇంజను చేతిలో ఉండగా ల్యూల్కా అవసరం ఏముంది? ఆయన సొంతంగా చేసిన టీఆర్-1 ఇంజను 1947లో పరీక్షలు దాటింది గానీ, అది నీన్‌కి సరితూగేది కాదు. లెక్క ప్రకారం ఆయన దుకాణం మూసెయ్యాలి. మూయలేదు. నీన్ కాపీ ఒక కప్పు కింద, ల్యూల్కా డిజైన్ ఇంకో కప్పు కింద నడిచాయి. కాపీ కొట్టింది ఆరోజు అవసరానికి, ల్యూల్కాని ఉంచింది తర్వాతి రోజులకి. పదేళ్ళు తిరిగేసరికి నీన్ దారి ముగిసిపోయింది. ల్యూల్కా ఏఎల్-7 సుఖోయ్-7 విమానంలోకి ఎక్కింది. మన ఎయిర్ ఫోర్సు 1968 నుంచి ఆ సుఖోయ్-7లు తీసుకుంది, 1971 యుద్ధంలో వాడింది. ఆ తర్వాత ఏఎల్-21, ఆ తర్వాత సుఖోయ్-27 కోసం ఏఎల్-31. ఏఎల్ అంటే అర్ఖిప్ ల్యూల్కా పేరులోని మొదటి అక్షరాలే. ఏఎల్-31 ప్రభుత్వ పరీక్షలు దాటింది 1985లో. ఆయన 1984లోనే పోయారు. ఆయన స్థాపించిన సంస్థ సాటర్న్ పేరుతో ఇవ్వాళ్టికీ ఉంది, రష్యా ఇంజన్ కంపెనీలన్నిటినీ కలిపిన పెద్ద గొడుగు కింద.

ఇంతకీ ఈయనకీ శ్రీహరికోటకీ ఏంటి సంబంధం అంటారా? ఉంది.

1960లలో అమెరికాతో పోటీపడి చంద్రుడి మీదికి మనిషిని పంపడానికి సోవియట్ వాళ్ళు ఎన్-1 అనే పెద్ద రాకెట్టు మొదలుపెట్టారు. దాని కింది అంచెలో 30 ఇంజన్లు. వాటిని చేసింది కుజ్నెత్సోవ్ అనే విమాన ఇంజన్ల డిజైనర్. పై అంచెల్ని ముందుముందు ద్రవ హైడ్రోజన్‌తో నడపాలని అనుకున్నారు. అందుకోసం పెద్ద హైడ్రోజన్ ఇంజను ల్యూల్కా దగ్గర, 7.5 టన్నుల చిన్న ఇంజను అలెక్సీ ఇసాయెవ్ దగ్గర తయారయ్యాయి. ఈ ఇసాయెవ్ కూడా విమానాల నుంచి వచ్చినవాడే. 1942లో ఎగిరిన బీఐ అనే రాకెట్ విమానం పేరులో "ఐ" ఆయనే. ఎన్-1 రాకెట్టు 1969 నుంచి 1972 దాకా నాలుగుసార్లు ఎగిరి నాలుగుసార్లూ పేలిపోయింది. ప్రాజెక్టు కట్టేశారు. హైడ్రోజన్ ఇంజన్లు ఎగరకుండానే అటకెక్కాయి.

ఆ అటక మీద నుంచి దింపిన ఇసాయెవ్ ఇంజనే కేవీడీ-1. అది మొట్టమొదటిసారి ఆకాశంలో మండింది రష్యాలో కాదు, శ్రీహరికోట నుంచి, 2001 ఏప్రిల్ 18న. ల్యూల్కా హైడ్రోజన్ ఇంజను ఎప్పుడూ ఎగరలేదు గానీ ఆయన జెట్ ఇంజను ఏఎల్-31ఎఫ్‌పీ పేరుతో కోరాపుట్ చేరింది. ఇహ కుజ్నెత్సోవ్ అంటారా, ఆయన ఎన్‌కే-12 ఇంజన్లతో మన నేవీ నడిపిన టీయూ-142 విమానం 2017లో రిటైరై విశాఖ బీచి రోడ్డులో మ్యూజియంగా నిలబడి ఉంది. ఒకే చంద్రుడి రాకెట్టు మీద పనిచేసిన ముగ్గురి పనితనం మన చుట్టుపక్కలే మూడు చోట్ల తేలింది. చిత్రంగా లేదూ?

సరే, అసలు విషయానికొద్దాం.

1991 జనవరిలో ఇస్రో, సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మాస్‌తో 235 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. ఇంజన్లు ఇస్తారు, దాంతోపాటు తయారుచేసే టెక్నాలజీ కూడా ఇస్తారు. పీఎస్‌ఎల్‌వీతో పెద్ద కమ్యూనికేషన్ ఉపగ్రహాలని పైకి పంపలేం. దానికి -253 డిగ్రీల దగ్గర ద్రవంగా ఉండే హైడ్రోజన్ని, -183 డిగ్రీల దగ్గర ద్రవంగా ఉండే ఆక్సిజన్ని కలిపి మండించే ఇంజను కావాలి. అదే క్రయోజెనిక్ ఇంజను. ఇది క్షిపణి టెక్నాలజీ అని చెప్పి అమెరికా 1992 మేలో ఇస్రో మీద, గ్లావ్‌కాస్మాస్ మీద రెండేళ్ళ ఆంక్షలు పెట్టింది. గంటల తరబడి ఇంధనం నింపుకోవాల్సిన ఇంజనుతో ఎవడూ క్షిపణి చెయ్యడు, ఆ సంగతి అందరికీ తెలుసు. 1993లో యెల్ట్సిన్ ప్రభుత్వం టెక్నాలజీ ఇవ్వలేమని చేతులెత్తేసింది. చివరికి ఏడు తయారైన స్టేజీలు ఇవ్వడానికి ఒప్పందం మారింది. డ్రాయింగులు లేవు, సరుకు మాత్రమే.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే, సోర్సుకోడ్ ఇస్తానని చెప్పి ఎగ్జిక్యూటబుల్ ఫైలు చేతిలో పెట్టారు.

1994లో ఇస్రో సొంత క్రయోజెనిక్ ప్రాజెక్టు మొదలైంది. అదే ఏడాది చివర్లో క్రయోజెనిక్ విభాగాన్ని నడిపిస్తున్న నంబి నారాయణన్‌ని గూఢచర్యం కేసులో అరెస్టు చేశారు. అది తప్పుడు కేసని 1996లో సీబీఐ తేల్చింది, 2018లో సుప్రీంకోర్టు 50 లక్షల పరిహారం ఇమ్మంది. ఆ మనిషి జీవితంలో పోయిన ఏళ్ళకి అది ఏ మూలకీ రాదు. అలాంటి వాతావరణంలో కూడా పని ఆగలేదు. రష్యా స్టేజీలు ఒక్కొక్కటే ఖర్చవుతూ జీఎస్‌ఎల్‌వీ ఎగురుతూ ఉంటే, తమిళనాడులోని మహేంద్రగిరిలో మన ఇంజను మండుతూ, ఆగుతూ, మళ్ళీ మండుతూ ఉండేది. 2010 ఏప్రిల్ 15న మన ఇంజనుతో మొదటి ప్రయోగం. ఇంధనాన్ని తోసే బూస్టర్ టర్బోపంపు ఆగిపోయింది, రాకెట్టు సముద్రంలో పడింది. అదే ఏడాది డిసెంబరు 25న రష్యా స్టేజీతో వెళ్ళిన రాకెట్టు కూడా ముక్కలైంది. 2013 ఆగస్టులో కౌంట్‌డౌన్ ఆఖరి గంటల్లో రెండో అంచెలో ఇంధనం కారుతోందని ఆపేశారు. 2014 జనవరి 5న, జీఎస్‌ఎల్‌వీ-డీ5. ఈసారి మన ఇంజను చివరిదాకా మండింది.

1991 నుంచి 2014 అంటే 23 ఏళ్ళు.

ఇప్పుడు కోరాపుట్‌కి వద్దాం. 1962లో మిగ్-21 విమానాల కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. విమానం బాడీ నాసిక్‌లో, ఎలక్ట్రానిక్స్ హైదరాబాదులో, ఇంజను కోరాపుట్‌లో చెయ్యాలని నిర్ణయం. ఆ ప్రకారం 1964లో కోరాపుట్ దగ్గర సునాబేడలో హెచ్‌ఏఎల్ ఇంజన్ ఫ్యాక్టరీ పెట్టారు. హైదరాబాదు హెచ్‌ఏఎల్ కూడా అట్లా వచ్చిందే. కోరాపుట్‌లో మొదట ఆర్-11, తర్వాత ఆర్-25, ఆర్-29బీ, ఆర్‌డీ-33, చివరికి మన ల్యూల్కా గారి ఏఎల్-31ఎఫ్‌పీ. ఇక్కడ ఎవరూ అడ్డుపడలేదు. డ్రాయింగులొచ్చాయి, మెషిన్లొచ్చాయి, నేర్పించేవాళ్ళొచ్చారు. మొదట విడిభాగాలు తెచ్చి బిగించడం, ఆ తర్వాత ముడిలోహం నుంచే చెయ్యడం. 2024 సెప్టెంబరులో రక్షణ శాఖ సుఖోయ్-30ల కోసం ఇంకో 240 ఏఎల్-31ఎఫ్‌పీ ఇంజన్లకి 26 వేల కోట్ల రూపాయలకి పైగా ఆర్డరు ఇచ్చింది. ఏడాదికి 30 చొప్పున ఎనిమిదేళ్ళు. అందులో దేశీయ భాగం సగటున 54 శాతం దాటుతుందని, చివరికి 63 శాతానికి చేరుతుందని ప్రభుత్వమే చెప్పింది.

అంటే ఏమిటి? 60 ఏళ్ళుగా రష్యన్ ఇంజన్లు చేస్తున్నాం. అందులో ఆఖరిది 1970లలో గీసిన డిజైను. అయినా మన సొంత డిజైన్ యుద్ధ విమాన ఇంజను ఒక్కటి కూడా మన విమానంలో ఎగరడం లేదు. తేజస్ 2001 జనవరి 4న మొదటిసారి ఎగిరింది అమెరికా వాళ్ళ జీఈ ఎఫ్-404 ఇంజనుతో. ఈరోజుకీ అంతే.

కోరాపుట్ వాళ్ళ పనితనాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం అస్సలు కాదు. ఏఎల్-31 టర్బైన్ రెక్కకి తగిలే గాలి వేడి, ఆ రెక్క చేసిన లోహం కరిగే వేడి కంటే ఎక్కువ. మరి రెక్క కరగదేం? లోపల సన్నని దారులు పెట్టి, వాటిగుండా చల్లగాలి పంపి, రెక్క చుట్టూ ఒక పొరలా కప్పుతారు. అలాంటి వస్తువుని వేల సంఖ్యలో, వెంట్రుక వాసి తేడా లేకుండా చెయ్యడం మామూలు పని కాదు. చెయ్యగలిగినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

సమస్య ఎక్కడంటే, ఆ రెక్కలో రంధ్రం సైజు ఎంతో డ్రాయింగులో ఉంటుంది. ఆ సైజే ఎందుకో ఉండదు. అంతకంటే పెద్దది పెట్టి చూస్తే ఏమైందో, చిన్నది పెడితే ఏమైందో, ఎన్ని రెక్కలు కాలిపోయాక ఆ నంబరు దగ్గర ఆగారో డ్రాయింగులో ఉండదు. అది ల్యూల్కా మనుషుల బుర్రల్లో, పరీక్షల రికార్డుల్లో ఉంటుంది. పైగా లైసెన్సు ఒప్పందాల్లో మామూలుగా డిజైను మార్చే హక్కు అమ్మినవాడి దగ్గరే ఉంటుంది. మనం ఒక కొలత మార్చాలన్నా వాళ్ళని అడగాలి. 60 ఏళ్ళపాటు "ఎందుకు" అని అడగాల్సిన అవసరమే రాని ఉద్యోగంలో, ఎంత తెలివైనవాడైనా డిజైనర్ ఎట్లా అవుతాడు?

ఐటీలో ఉన్నవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. కొత్త ప్రాజెక్టు చేతికొచ్చినప్పుడు కేటీ అని రెండు మూడు వారాలు కూర్చోబెడతారు. సర్వర్ ఎట్లా రీస్టార్ట్ చెయ్యాలి, ఏ ఎర్రర్ వస్తే ఏ స్క్రిప్టు నడపాలి, అన్నీ రాసిస్తారు. ఆ డాక్యుమెంటు పట్టుకుని పదేళ్ళు సపోర్టు చెయ్యొచ్చు. కానీ అలాంటి సాఫ్ట్‌వేరే ఇంకోటి మొదట్నించీ రాయమంటే? కేటీ ఎంత బాగా ఇచ్చినా రాయలేరు. ఎందుకంటే ఇచ్చింది నడపడానికి కావాల్సిన జ్ఞానం, కట్టడానికి కావాల్సింది కాదు.

ఇక్కడిదాకా చదివి "అయితే అమెరికా అడ్డుపడటమే మంచిదైంది, డ్రాయింగులు ఇచ్చి ఉంటే ఇస్రో కూడా ఇంకో కోరాపుట్ అయ్యేది" అని మీరు అనుకుంటే, అక్కడే ఆగండి. అది కూడా పూర్తి నిజం కాదు. దానికి నా దగ్గర రెండు ఉదాహరణలున్నాయి.

మొదటిది వికాస్ ఇంజను. 1974లో ఫ్రాన్సు వాళ్ళ ఎస్ఈపీ కంపెనీతో ఇస్రో ఒక ఒప్పందం చేసుకుంది. వాళ్ళ వైకింగ్ ఇంజను టెక్నాలజీ మనకిస్తారు. బదులుగా మనం డబ్బు కాదు, మనుషులని ఇచ్చాం. మన ఇంజనీర్లు ఫ్రాన్సు వెళ్ళి ఆ ఇంజను ఇంకా తయారవుతుండగానే వాళ్ళతో పాటు పనిచేశారు. దాంతోపాటు మనం ప్రెషర్ ట్రాన్స్‌డ్యూసర్లు చేసి ఇచ్చాం. అంటే ఇంజను పేలినప్పుడు ఎందుకు పేలిందో చర్చించే గదిలో మనోళ్ళు కూడా కూర్చున్నారు. 1985లో మనం చేసిన వికాస్ ఫ్రాన్సులోనే పరీక్షకి నిలబడి మండింది. ఇవ్వాళ పీఎస్‌ఎల్‌వీలో, జీఎస్‌ఎల్‌వీలో, చంద్రయాన్-3ని మోసిన ఎల్‌వీఎం3లో అదే వికాస్. ఇదీ పరాయివాళ్ళు ఇచ్చిన టెక్నాలజీయే, అయినా మనకి ఒంటపట్టింది. ఫ్రాన్సులో వికాస్ నేర్చుకొచ్చినవాళ్ళలో నంబి నారాయణన్ కూడా ఒకరు. డ్రాయింగులు రాకపోయినా క్రయోజెనిక్ పని మొదలుపెట్టగలిగారంటే ఆ పునాది ఉండబట్టే.

రెండోది కావేరి. తేజస్ కోసం బెంగుళూరు జీటీఆర్‌ఈలో 1989లో మొదలైన జెట్ ఇంజను. దీనికీ ఎవడూ డ్రాయింగులు ఇవ్వలేదు. పట్టుదలకీ లోటు లేదు. ఇవ్వకపోతేనే వస్తుందన్న సూత్రం నిజమైతే ఇది కూడా రావాలి కదా? రాలేదు. బరువు ఎక్కువ, తోపు తక్కువ అని 2008లో తేజస్ నుంచి విడదీశారు. ఇంజనుని ఆకాశంలో పెట్టి పరీక్షించడానికి సరైన విమానం కూడా మన దగ్గర లేదు. 2010లో మాస్కో దగ్గరికి తీసుకెళ్ళి, రష్యావాళ్ళ ఐఎల్-76 విమానానికి తగిలించి చూడాల్సొచ్చింది. ఒక్కో పరీక్షకి దేశం దాటాల్సొస్తే ఎన్ని పరీక్షలు చేస్తారు, ఎన్ని ఇంజన్లు పాడుచేసుకుని నేర్చుకుంటారు?

ఈ నాలుగింటినీ వరసగా పెట్టి చూడండి. కోరాపుట్‌కి డ్రాయింగులు ఇచ్చారు, డిజైను రాలేదు. వికాస్‌కి ఇచ్చారు, వచ్చింది. కావేరికి ఇవ్వలేదు, రాలేదు. క్రయోజెనిక్‌కి ఇవ్వలేదు, వచ్చింది. ఇవ్వడం, ఇవ్వకపోవడం కాదు ఇక్కడ తేడా. వచ్చిన రెండు చోట్లా మూడు సంగతులు కనిపిస్తాయి. డిజైను నిర్ణయాలు జరిగే బల్ల దగ్గర మనవాళ్ళున్నారు. మండించి చూసుకోవడానికి, కాల్చుకోవడానికి టెస్ట్ స్టాండ్ అందుబాటులో ఉంది. మూడోది, కొనుక్కుని తప్పించుకునే దారి లేదు. రష్యా స్టేజీలు ఏడే. అవి అయిపోతే జీఎస్‌ఎల్‌వీ లేదు. తేజస్‌కి ఆ బెంగ లేదు, కావేరి కాకపోతే జీఈ ఉంది. అందుకే కావేరి ఆలస్యమైతే ఎవరికీ నిద్ర పట్టకుండా పోలేదు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మన మొదటి క్రయోజెనిక్ ఇంజను సీఈ-7.5 రష్యన్ ఇంజనుని బాగా పోలి ఉంటుంది. తోపు అదే, పద్ధతీ అదే. స్టేజ్డ్ కంబశ్చన్ అంటారు. పంపులని తిప్పిన వాయువుని వదిలెయ్యకుండా మళ్ళీ మంటలోకే పంపుతారు. వృథా ఉండదు గానీ, ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి కాబట్టి ఒక్క భాగాన్ని విడిగా పరీక్షించడం కష్టం. అసలు నేర్చుకున్నారా లేదా అనేది తెలిసింది రెండో ఇంజనుతో. సీఈ-20కి ఇస్రో ఆ పద్ధతిని వదిలేసి, వికాస్‌తో అలవాటైన గ్యాస్ జనరేటర్ పద్ధతి ఎంచుకుంది. కొంచెం ఇంధనం వృథా అయినా ఏ భాగానికాభాగం విడిగా పరీక్షించుకోవచ్చు. మా భాషలో లూజ్ కప్లింగ్ :) నకలు కొట్టేవాడు ఇలాంటి నిర్ణయం తీసుకోలేడు. "ఎందుకు" తెలిసినవాడే తీసుకోగలడు. ఆ ఇంజను 2017 జూన్ 5న మొదటి ప్రయోగంలోనే పనిచేసింది. 2023 జూలై 14న చంద్రయాన్-3ని తీసుకెళ్ళింది అదే.

అలాగని అంతా సుఖాంతం అని కూడా చెప్పను. ఆ 23 ఏళ్ళలో మన పెద్ద ఉపగ్రహాలు ఫ్రెంచ్ గయానా వెళ్ళి ఏరియన్ రాకెట్లెక్కాయి, ఆ డబ్బంతా మనమే కట్టాం. 2018లో 5,854 కిలోల జీశాట్-11 ఏరియన్ మీదే పోయింది. 2024 నవంబరులో జీశాట్-ఎన్2 స్పేస్‌ఎక్స్ రాకెట్టు మీద పోయింది. 2021 ఆగస్టులో క్రయోజెనిక్ స్టేజీ హైడ్రోజన్ ట్యాంకులో ఒత్తిడి పడిపోయి ఇంకో జీఎస్‌ఎల్‌వీ పోయింది. ఆంక్షలు మనకి మేలు చేశాయనడం, ఇల్లు కాలితే వంట నేర్చుకున్నాం అనడం లాంటిది. కాకపోతే 2025 జూలై 30న ఒక ముచ్చట జరిగింది. నాసా, ఇస్రో కలిసి చేసిన నైసార్ ఉపగ్రహం శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ మీద వెళ్ళింది. ఏ ఇంజను మనకి రాకూడదని 1992లో అమెరికా ఆంక్షలు పెట్టిందో, ఆ తరగతి ఇంజను మీదే అమెరికా తన రాడార్ని కూర్చోబెట్టింది. దానికి సంతోషపడొచ్చు, తప్పులేదు.

మరి ఇదంతా ఇప్పుడెందుకు? 2023 జూన్‌లో జీఈకి, హెచ్‌ఏఎల్‌కి మధ్య ఎఫ్-414 ఇంజన్లు ఇండియాలో చెయ్యడానికి అవగాహన ఒప్పందం కుదిరింది. అప్పట్నించీ 80 శాతం టెక్నాలజీ వస్తుందన్న మాట వినిపిస్తూనే ఉంది. మన తర్వాతి తరం యుద్ధ విమానం ఇంజను కోసం ఫ్రాన్సు సఫ్రాన్‌తో కలిసి పనిచేసే ప్రయత్నమూ నడుస్తోంది. శాతం వినగానే మనం చప్పట్లు కొట్టేస్తాం. నాకు ఆ శాతమే అర్థం కాదు. దేనిలో 80? బరువులోనా, ఖరీదులోనా, భాగాల సంఖ్యలోనా? 100 శాతం డ్రాయింగులు వచ్చినా ఇంకో కోరాపుట్టే అవ్వొచ్చు. 30 శాతమే వచ్చినా, ఆ 30 శాతం డిజైను బల్ల దగ్గర కుర్చీ రూపంలో వస్తే అది ఇంకో వికాస్ అవ్వొచ్చు.

కాబట్టి ఈసారి ఏ మంత్రిగారు టెక్నాలజీ బదిలీ అని ప్రకటించినా అడగాల్సినవి వేరే ఉన్నాయి. డిజైను మార్చే హక్కు ఎవరిది? మొదటి ఇంజను పేలినప్పుడు, ఎందుకు పేలిందో తేల్చే కమిటీలో మనోళ్ళుంటారా? ఎత్తులో పరీక్షించే సౌకర్యం ఇక్కడ కడతారా, లేక మళ్ళీ మాస్కోకో ఇంకో చోటికో మోసుకెళ్ళాలా? లైసెన్సు ఇంజను ఒక కప్పు కింద చేస్తున్నప్పుడు, దాని తర్వాత రావాల్సిన ఇంజను మీద పనిచేసే చిన్న బృందాన్ని ఇంకో కప్పు కింద జీతాలిచ్చి పోషిస్తారా? నీన్ చేతిలో ఉన్నా ల్యూల్కా దుకాణం మూయకపోవడమే సోవియట్ వాళ్ళు చేసిన తెలివైన పని. మనం వాళ్ళ దగ్గర్నించి ఇంజన్లన్నీ కొన్నాం గానీ ఆ పద్ధతి తెచ్చుకోలేదు. దానికి లైసెన్సు ఫీజు కూడా అక్కర్లేదు.

ఇంకొక్క మాట. శ్రీహరికోట ఖాళీ దీవి కాదు. 1969లో ఆ స్థలం ఎంచుకునేనాటికి అక్కడ యానాదులు బతుకుతున్నారు, చుట్టూ పులికాట్ మీద ఆధారపడ్డ ఊళ్ళున్నాయి. ప్రయోగం రోజు వేటకెళ్ళొద్దంటే పడవలు ఆపుకునే జాలర్లు ఇప్పటికీ ఉన్నారు. ఇంత తీసుకున్న తీరానికి, పంతం పట్టి గెలిచామన్న సినిమా కథ ఒక్కటే చెప్పి సరిపెట్టడం నాకు నచ్చదు. అక్కడ నిజంగా జరిగింది అంతకంటే మెరుగైనది. చదువుకున్న మనుషులకి పరీక్షించుకునే చోటు, పాడుచేసుకునే అనుమతి, ఇరవై ఏళ్ళ టైము ఇచ్చారు. పంతం అందరికీ ఉంటుంది. ఈ మూడూ బెంగుళూరులో కావేరి వాళ్ళకి కూడా ఇచ్చి ఉంటే, కోరాపుట్‌లో ఇవ్వాళ మనం గీసుకున్న ఇంజను బిగిస్తూ ఉండేవాళ్ళమేమో.